కూలి, గంజి, బాప్తిస్మం: ధాత కరువులో ఒంగోలు మిషన్ సహాయం - ఒక పరిశీలన

ఉపోద్ఘాతం

తెలుగువారు కరువులను సంవత్సరాల పేర్లతో గుర్తుపెట్టుకున్నారు. 1832-33 నాటి గుంటూరు క్షామం నందన నామ సంవత్సరంలో వచ్చింది కనుక నందన కరువు అయింది. 1876-78 నాటి దక్షిణ భారత మహాక్షామం ధాత నామ సంవత్సరంలో మొదలై ఈశ్వర నామ సంవత్సరంలో ముదిరింది కనుక ధాత కరువుగా నిలిచింది. నందన కరువులో ఐదు లక్షల జనాభా గల గుంటూరు జిల్లాలో సుమారు రెండు లక్షల మంది మరణించారని అంచనా. ధాత కరువు అంతకంటే విస్తృతమైనది. బ్రిటిష్ పాలిత ప్రాంతాలలోనే మృతుల సంఖ్య యాభై లక్షలు దాటిందని చరిత్రకారులు లెక్క కట్టారు.

ధాత కరువు చివరి దశలో, 1878 జులై 3న, ఒంగోలుకు సమీపంలోని వెల్లంపల్లి వద్ద గుండ్లకమ్మ నదిలో ఒకేరోజు 2,222 మంది బాప్తిస్మం పొందారు. వారిలో అత్యధికులు మాదిగలు. ఈ సంఖ్య మిషన్ సాహిత్యంలో ఎంతో ప్రసిద్ధి పొందింది. అపొస్తలుల కాలపు పెంతెకొస్తు దినంతో దీనిని పోల్చినవారున్నారు. మరోవైపు, ఆకలితో ఉన్నవారికి తిండి చూపి మతంలో చేర్చుకున్నారనే విమర్శకూ ఇదే సంఖ్య ఆధారమైంది. ఈ రెండు వాదాలూ బాప్తిస్మాల లెక్క దగ్గరే ఆగిపోతాయి. అంతకుముందు ఏడాదికి పైగా ఆ ప్రజలకు అందిన సహాయం ఏ రూపంలో అందింది, దానిని ఎవరు పంచారు, పుచ్చుకున్నవారు దానిని ఏమని పిలుచుకున్నారు అనే ప్రశ్నలు వెనుకబడిపోయాయి.

ఆ ప్రశ్నలను ముందుకు తేవడం ఈ వ్యాస ఉద్దేశం. ఒంగోలు మిషన్ చేసిన సహాయంలో ప్రధానమైనది గంజి కాదని, కూలి అని, ఆ కూలి దొరికిన తీరే ఆ తరువాతి పరిణామాలను అర్థం చేసుకోవడానికి కీలకమని ఈ వ్యాసం ప్రతిపాదిస్తుంది. ఆధారాలు చాలావరకు మిషనరీలు ఆంగ్లంలో రాసుకున్నవే కనుక, వాటి అడుగున ఉన్న తెలుగు మాటను ఎంతవరకు విశ్వసించవచ్చుననే సమస్యను కూడా చర్చిస్తుంది.

విశాఖ నుండి ఒంగోలుకు

తెలుగునాట ప్రొటెస్టెంటు మిషన్ల చరిత్ర విశాఖపట్నంతో మొదలవుతుంది. లండన్ మిషనరీ సొసైటీకి చెందిన జార్జ్ క్రాన్, ఆగస్టస్ డెగ్రాంజెస్ 1805లో ఇక్కడికి చేరారు. క్రైస్తవం స్వీకరించిన ఆనందరాయర్ అనే బ్రాహ్మణుడి సాయంతో డెగ్రాంజెస్ సువార్తలను తెలుగులోకి అనువదించారు. క్రాన్ 1809లోను, డెగ్రాంజెస్ 1810లోను మరణించారు. వారి కృషి ఫలితంగా మత్తయి, మార్కు, లూకా సువార్తలు 1812లో శ్రీరాంపూరులో అచ్చయ్యాయి. తరువాత ప్రిచెట్ పూర్తిచేసిన కొత్త నిబంధన 1818లో మద్రాసులో వెలువడింది. తెలుగు క్రైస్తవ వచనానికి తొలి కార్యశాల విశాఖపట్నమే అని చెప్పవచ్చు.

ఒంగోలు మిషన్ మూలం కూడా ఒక విధంగా విశాఖలోనే ఉంది. అమెరికన్ బాప్టిస్టు మిషన్ తరఫున తెలుగువారి మధ్య పనిచేయడానికి వచ్చిన శామ్యూల్ డే 1836లో మొదట విశాఖపట్నంలో దిగారు. కొంతకాలం శ్రీకాకుళంలో ఉండి, 1837లో మద్రాసుకు, 1840లో నెల్లూరుకు మారారు. దీర్ఘకాలం ఫలితం కనిపించకపోవడంతో నెల్లూరు మిషన్‌ను మూసివేయాలన్న చర్చ అమెరికాలో పలుమార్లు జరిగింది. 1853లో అటువంటి సందర్భంలోనే దానికి ‘ఒంటరి నక్షత్రం’ అనే పేరు వచ్చింది. 1849లో వచ్చిన లైమన్ జ్యూయెట్ ఆ మిషన్‌ను నిలబెట్టారు. 1865లో జాన్ ఎవరెట్ క్లఫ్ వచ్చి, మరుసటి ఏడాది ఒంగోలును కేంద్రం చేసుకున్నారు.

ఒంగోలు అప్పట్లో నెల్లూరు జిల్లాలోని తాలూకా. 1867 జనవరి 1న ఎనిమిది మంది సభ్యులతో అక్కడ సంఘం ఏర్పడింది. కరువు మొదలయ్యే నాటికి ఆ సంఖ్య మూడు వేలు దాటింది. కరువుకు ముందే, తిండి పంపిణీ ఏదీ లేని తొమ్మిదేళ్లలో వచ్చిన పెరుగుదల ఇది. దీని వెనుక యర్రగుంట్ల పేరయ్య వంటివారి కృషి ఉంది. తోళ్ల వ్యాపారం మీద ఉత్తరాదికి తిరిగే మాదిగ పెద్ద ఆయన. మిషనరీలు తన ఊరికి రాకముందే వ్యాపార యాత్రలో సువార్త విని, దానిని తన బంధువర్గంలో చెప్పుకున్నాడు. ఎమ్మా రౌషెన్‌బుష్ క్లఫ్ 1899లో ప్రకటించిన ‘వైల్ సోయింగ్ శాండల్స్’ గ్రంథాన్ని బట్టి చూస్తే, తొలితరం మాదిగ క్రైస్తవులలో పలువురు అంతకుముందు యోగ మార్గాన్ని బోధించే గురువులను ఆశ్రయించినవారు. విగ్రహారాధనను, కుల భేదాన్ని ప్రశ్నించే గురుపరంపరలతో వారికి పరిచయం ఉంది. కనుక కరువు ఒక ఖాళీ నేల మీద పడలేదు. అప్పటికే బంధుత్వాల వెంట సాగుతున్న ఒక అన్వేషణ మీద పడింది.

కరువు ముందుగా ఎవరిని తాకింది

1876లో రెండు రుతుపవనాలూ విఫలమయ్యాయి. వాన లేకపోతే నష్టపోయేది రైతు అని సాధారణంగా అనుకుంటాం. రైతుకు కనీసం పాతర ధాన్యమో, పశువులో, అప్పు పుట్టే పరపతో ఉంటుంది. రైతు పంట మీద వాటా తప్ప మరేమీ లేనివారి సంగతి వేరు.

ఒంగోలు ప్రాంతపు మాదిగల జీవనాధారం తోలు పని. చెప్పులు, పశువుల వార్లు, మోట బావులకు తోలు బొక్కెనలు చేసి రైతులకు ఇవ్వడం, ప్రతిగా కళ్లం దగ్గర మేరగా ధాన్యం పొందడం ఆనాటి ఏర్పాటు. చచ్చిన గొడ్డు మీద వారికి హక్కు ఉండేది. తోలు తీసుకునేవారు, మాంసం తినేవారు. దానికి తోడు పండుగలకు డప్పు కొట్టడం, వెట్టి చేయడం వారి బాధ్యతలు.

ఈ ఏర్పాటు వాన మీద ఆధారపడిన తీరు గమనించదగినది. బావి ఎండిపోతే బొక్కెనతో పని లేదు. పంట రాకపోతే కళ్లం లేదు, కళ్లం లేకపోతే మేర లేదు. రైతు తన ఇంటి ధాన్యం నుండి మేర ఇవ్వడు, ఇవ్వవలసిన నియమమూ లేదు. పంట పోయిన మరుక్షణమే తోలు పనివాడికి తిండి ఆగిపోతుంది. కరువు తొలి నెలలలో పశువులు పెద్ద సంఖ్యలో చావడం వల్ల కొంతకాలం మాంసం దొరికినా, ఆ తరువాత మందలే మిగలవు. అంటే రేపటి తోలు కూడా ఆనాడే అయిపోతుంది.

ఇక్కడ ‘రైస్ క్రిస్టియన్’ అనే ఆంగ్ల నిందావాక్యాన్ని పరిశీలించాలి. అన్నం కోసం మతం మారినవారని దాని భావం. ఆసియా అంతటా మిషన్ల గురించి వాడుకలో ఉన్న ఈ మాటను మన వ్యాసాలలో యథాతథంగా వాడుతున్నాం. ఒంగోలు మెట్ట ప్రాంతపు పేదల తిండి వరి అన్నం కాదు. జొన్న, సజ్జ, వరిగ, ఆరిక వంటి మెట్ట ధాన్యాలే వారి అంబలికి, సంకటికి ఆధారం. వరి వారికి పండుగనాటి తిండి. కరువు కాలంలో ఓడల మీద దిగిన బియ్యం వారి దగ్గరికి చేరిన సందర్భాలున్నా, ఆ మాట పుట్టింది వారి కంచం నుండి కాదు. పరిశోధకుడు వాడే పారిభాషిక పదం తాను వర్ణించే ప్రజల తిండిని కూడా ఎరగకపోవడం చిన్న లోపం కాదు.

పైగా, సంఘంలో చేరదలచిన మాదిగలకు ఒంగోలు మిషన్ ప్రధానంగా మూడు నియమాలు విధించేది. ఆదివారం పని చేయరాదు, చచ్చిన గొడ్డు మాంసం తినరాదు, విగ్రహాలను పూజించరాదు. వీటిలో రెండో నియమాన్ని కరువు కాలంలో ఊహించుకోవాలి. గొడ్డు చచ్చి పడిన రోజున పక్క గుడిసెలో వండుకుంటూ ఉంటే తాను తినకుండా కూర్చోవడం ఆ నియమం. తిండి ఆశ చూపే మతంలో ఇటువంటి ప్రవేశ నియమం ఉండడం వింతే. ఒకటి, మూడు నియమాలు కూడా ఊరి పెద్దలతో తగవు తెచ్చేవే. పండుగకు డప్పు కొట్టనంటే, ఆదివారం పనికి రానంటే మేర తగ్గుతుంది, బావి దగ్గర దారి మూసుకుపోతుంది. సంఘంలో చేరడం వల్ల ఆర్థికంగా నష్టపోయే అవకాశమే ఎక్కువగా ఉన్న కాలమది.

ప్రభుత్వ సహాయం: కొలిచిన కూలి

ఆనాటి ప్రభుత్వ సహాయం రెండు విధాలుగా ఉండేది. పని చేయగలిగినవారికి చెరువులు, రోడ్లు, కాలువల వద్ద కూలి పని. పని చేయలేనివారికి శిబిరాలలో వండిన గంజి. 1877 జనవరిలో వైస్రాయ్ లిట్టన్ ప్రతినిధిగా వచ్చిన సర్ రిచర్డ్ టెంపుల్ మద్రాసు ప్రభుత్వపు ఖర్చును తగ్గించే దృష్టితో కూలిని కుదించారు. మగవాడికి రోజుకు ఒక పౌను, అంటే సుమారు 450 గ్రాముల ధాన్యం, దాని పైన ఒక అణా. స్త్రీలకు, పిల్లలకు ఇంకా తక్కువ. ఇదే ‘టెంపుల్ కూలి’గా పేరుపడింది. మద్రాసు శానిటరీ కమిషనర్ డాక్టర్ కార్నిష్, ఈ తిండితో రోజంతా మన్ను మోసేవాడు బతకడని గట్టిగా వాదించారు. ఆ వాదం ఫలితంగా కొన్ని నెలల తరువాత కూలిని కొంత పెంచవలసి వచ్చింది. మద్రాస్ టైమ్స్ సంపాదకుడు విలియం డిగ్బీ 1878లో ప్రచురించిన రెండు సంపుటాల క్షామ చరిత్రలో ఈ వివాదం విపులంగా ఉంది.

కూలి పరిమాణం ఒక్కటే సమస్య కాదు. పని కొలిచేదెవరు, పేరు రాసుకునేదెవరు, డబ్బు చేతిలో పెట్టేదెవరు అన్నవి అంతకంటే దగ్గరి సమస్యలు. మేస్త్రీలు, గుమాస్తాలు అందరూ ఇతర కులాలవారే అయినప్పుడు, తాకడానికే ఇష్టపడని కూలి తవ్విన గుంతను సరిగా కొలుస్తారని నమ్మకం ఏమిటి? ముక్కాలు మన్నును అరగా రాసినా అడిగేవాడు లేడు. గంజి శిబిరాల విషయంలో కులాచారం ఇంకొక రూపంలో అడ్డుపడేది. వంటవాడి కులాన్ని బట్టి కొందరు తినక, వరుసలో నిలిచే చోటును బట్టి కొందరికి అందక పోయేది. ఇల్లు వదిలి శిబిరానికి చేరిన కుటుంబాలు మశూచి, కలరాల పాలయ్యేవి. ఆ కరువులో మరణాలకు ఆకలి ఎంత కారణమో అంటురోగాలు అంతే కారణం.

కాలువ పని

మద్రాసుకు ఉత్తరంగా తీరం వెంట సాగే ఉప్పునీటి కాలువ 1806లోనే మొదలైంది. 1877-78లో కరువు పనిగా దానిని పొడిగించి ఉత్తర, దక్షిణ భాగాలను కలిపే పని చేపట్టారు. నాటి గవర్నరు పేరు మీద అది బకింగ్‌హాం కాలువ అయింది. ఒంగోలు ప్రాంతంలో ఈ కాలువలో మూడు నాలుగు మైళ్ల భాగాన్ని తవ్వే కాంట్రాక్టును క్లఫ్ తీసుకున్నారు.

ఒక పాదిరి మట్టి పని కాంట్రాక్టు తీసుకోవడం విచిత్రంగా తోచవచ్చు. మతబోధకు రాకముందు క్లఫ్ అమెరికాలో మిన్నెసోటా ప్రాంతంలో ప్రభుత్వ సర్వేయరుగా పనిచేసినవారు. నేల కొలవడం, మన్ను లెక్క కట్టడం ఆయనకు తెలిసిన విద్య. మిషన్ నుండి ధాన్యం తెప్పించి పంచే దారి ఆయన ముందు ఉన్నా, ప్రధానంగా ఈ దారిని ఎంచుకోవడం వెనుక ఆ అనుభవం ఉంది.

కాలువ గట్టున గుడిసెలు వేశారు. ఒకే కాలంలో రమారమి మూడు వేల మంది అక్కడ పనిచేశారు. మగవారు తవ్వితే స్త్రీలు, పిల్లలు తట్టలలో మన్ను ఎత్తి గట్టు మీద పోసేవారు. సంఘంలోని బోధకులు, పంతుళ్లు మేస్త్రీలయ్యారు. ఒక్కొక్కరు ఒక్కొక్క జట్టును చూసుకునేవారు. ఈ ఏర్పాటులోనే అసలు విశేషం ఉంది. తవ్వేవాడు మాదిగ, కొలిచేవాడూ మాదిగ. పేరు రాసుకునేవాడు తన బంధువు. కూలి చేతికి ఇచ్చేవాడు తనను తాకగలిగినవాడు. తవ్వినంతకు లెక్క కట్టి ఇవ్వడం వల్ల బలమున్న కుటుంబం కాస్త ఎక్కువ సంపాదించుకోగలిగింది. తోలు పనివారికి మన్ను పని కొత్త. ఆరె, రంపె పట్టిన చేతులతో పలుగు, పార పట్టవలసి వచ్చింది. అయినా ఆ జట్లు బతికాయి, కాలువ కూడా పూర్తయింది.

రాత్రివేళ గుడిసెల దగ్గర బోధ జరిగేది. పగలు మేస్త్రీగా ఉన్నవాడే రాత్రి బోధకుడు. భారం మోసి అలసిన వారందరినీ తన దగ్గరికి పిలిచి విశ్రాంతి ఇస్తానన్న క్రీస్తు మాట, మత్తయి సువార్త పదకొండో అధ్యాయంలోనిది, ఆ గట్ల మీద పదేపదే వినిపించిందని మిషన్ రచనలు చెబుతున్నాయి. ఏ ఊరి ప్రార్థనలోనైనా ఆ మాట ఒక ఉపమానం. తల మీద మన్ను తట్టతో రోజంతా గట్టు ఎక్కి దిగినవారికి అది ఉపమానం కాదు. విశాఖలో డెగ్రాంజెస్, ఆనందరాయర్ అనువదించిన తొలి సువార్తలలో మత్తయి ఒకటి. ఆ తరువాత తెలుగు బైబిలు పలుమార్లు సంస్కరణ పొందింది. ఏ పాఠాన్ని ఒంగోలు బోధకులు చదివినా, విశాఖలో మొదలైన అనువాద వచనం డెబ్బై ఏళ్ల తరువాత కాలువ గట్టు మీద తన అక్షరార్థాన్ని చేరుకుందని చెప్పడం అతిశయోక్తి కాదు.

మేస్త్రీయే బోధకుడు కావడంలో మరో కోణం కూడా ఉంది. కూలి ఇచ్చే చేయి, బోధ చేసే నోరు ఒకటే అయినప్పుడు వినేవాడికి వినకుండా ఉండే స్వేచ్ఛ ఎంత? ఎవరినీ బలవంతం చేయలేదని మిషన్ రచనలు అంటాయి. బలవంతం లేకపోయినా ఋణభావం ఉంటుంది. తనను బతికించినవాడి దేవుణ్ణి కాదనడం మన సమాజంలో సులభం కాదు. ఉప్పు తిన్న విశ్వాసం అనే విలువ మిషన్ తెచ్చినది కాదు, ఊరి నుండి వచ్చినదే.

పదిహేను నెలల విరామం

ఈ ప్రశ్న క్లఫ్‌కు కూడా తోచిందనడానికి ఆయన తీసుకున్న నిర్ణయమే సాక్ష్యం. కరువు సహాయం సాగిన సుమారు పదిహేను నెలలపాటు ఆయన బాప్తిస్మాలు ఆపివేశారు. అడిగినవారిని తిప్పి పంపారు. సహాయం కోసమే చేరుతున్నారన్న అనుమానానికి తావివ్వరాదని ఆయన అభిప్రాయం. 1878 నాటికి వానలు కురిసి, కాలువ పని ముగిసి, పంచడానికి ఇక డబ్బు లేదని స్పష్టం చేసిన తరువాత, ఆ ఏడు జూన్ మధ్యలో వెల్లంపల్లి వద్ద బాప్తిస్మాలు మళ్లీ మొదలయ్యాయి.

జులై 2న 614 మంది, 3న 2,222 మంది, 4న 700 మంది, మొత్తం మూడు రోజులలో 3,536 మంది బాప్తిస్మం పొందారు. జులై 3నాటి సంస్కారాన్ని ఆరుగురు దేశీయ బోధకులు నిర్వహించారు. ఒకేసారి ఇద్దరు చొప్పున నదిలో నిలబడి, అలసినప్పుడు మరో ఇద్దరికి అప్పగిస్తూ, సుమారు తొమ్మిది గంటలలో ముగించారు. ఆనాడు క్లఫ్ నదిలో దిగలేదు. కాలువ మీద జట్లను నడిపిన వర్గమే నదిలోనూ ఆ పని చేసింది. సుమారు ఆరు వారాలలో బాప్తిస్మం పొందినవారి సంఖ్య 8,691కి చేరింది. ఏడాది చివరికి ఒంగోలు సంఘ సభ్యత్వం పన్నెండు వేలు దాటింది.

ఈ విరామాన్ని రెండు విధాలుగా చదవవచ్చు. తిండికి, మతానికి మధ్య క్లఫ్ ఒక కాలవ్యవధిని ఉంచారు, కనుక తిండి కోసం చేరారన్న ఆరోపణ నిలవదు అన్నది మొదటిది. మిషన్ చరిత్రలన్నీ ఇదే చెబుతాయి. ఆపి ఉంచడమే ఒత్తిడిని పెంచింది, ఏడాదికి పైగా కాలువ గట్టు మీద విని, కలిసి తిని, కలిసి చనిపోయినవారిని పూడ్చిన ప్రజలు ఒక్కసారిగా కదిలారు అన్నది రెండవది. ఈ వ్యాసకర్త దృష్టిలో రెండూ పరస్పర విరుద్ధాలు కావు. కాలవ్యవధి కార్యాలయపు లెక్కలో తిండిని, మతాన్ని వేరు చేసింది. ప్రజల అనుభవంలో అవి వేరు కాలేదు. వారికి కాలువ పని, రాత్రి బోధ, బంధువుల చావులు, మొదటిసారి తన కులంవాడు పట్టుకున్న హాజరు పుస్తకం అన్నీ ఒకే కథలో భాగాలు. ఆ కథకు ముగింపుగా వారు గుండ్లకమ్మలో దిగారు. ఆకలి వల్ల మాత్రమే దిగి ఉంటే, వానలు పడి మేర తిరిగి దొరికే కాలంలో, అదీ సహాయం ఆగిపోయాక దిగవలసిన అవసరం లేదు. ఆకలితో సంబంధమే లేకపోతే ఆ సంఖ్య ఆ ఏడాదే అంతగా పెరగవలసిన కారణమూ లేదు.

బొబ్బల సాక్ష్యం: ఆధారాల భాష

క్లఫ్ జీవిత కథనం ‘సోషల్ క్రిస్టియానిటీ ఇన్ ది ఓరియంట్’ ఆయన మరణించిన నాలుగేళ్లకు, 1914లో వెలువడింది. దానిని తీర్చిదిద్దినవారు ఆయన భార్య ఎమ్మా. వెల్లంపల్లికి చేరిన జనం తమకు సహాయం అక్కరలేదని, తాము పనిచేసి బతికినవారమని, దానికి తమ చేతుల మీది బొబ్బలే సాక్ష్యమని చెప్పినట్లు మిషన్ సాహిత్యం నమోదు చేసింది. మళ్లీ పంట పోతే చనిపోతామేమో గాని, క్రైస్తవులుగా చనిపోతామని వారు అన్నట్లు ఉంది.

ఈ మాట వెనుక ఉన్న తెలుగు ఏమై ఉంటుంది? ఆంగ్ల పాఠంలోని పదం బొబ్బలను సూచిస్తుంది. తెలుగులో శ్రమకు సాక్ష్యం చెప్పాలంటే చేతులు కాయలు కాచాయంటాం. బొబ్బ కొత్తగా పని పట్టిన చేతికి వచ్చేది, కాయ ఏళ్ల తరబడి పనిచేసిన చేతికి వచ్చేది. వక్తలు కాయలు అన్నదానిని అనువాదకుడు బొబ్బలుగా మార్చాడా, లేక తోలు పనివారు మన్ను పనిలో నిజంగానే బొబ్బలు చూపారా అన్నది తేల్చడానికి మూల పాఠం లేదు. ఏది నిజమైనా ఒక విషయం స్పష్టం. వారు తమను దానం పుచ్చుకున్నవారిగా కాక పనిచేసినవారిగా చెప్పుకున్నారు. వారు తమ గురించి చెప్పదలచుకున్న మొదటి మాట అదే.

ఒంగోలు చరిత్రకు మన చేతిలో ఉన్న ప్రధాన గ్రంథాలు ఆంగ్లంలోనివే అయినా, వాటి మూలం తెలుగు మౌఖిక కథనం. ఎమ్మా క్లఫ్ వృద్ధ మాదిగ క్రైస్తవుల నోట విన్న కథలను ఆంగ్లంలోకి తెచ్చారు. అంటే ఒకప్పుడు మాదిగవాడలలో చెప్పుకున్న తెలుగు కథలు అమెరికన్ పాఠకుల కోసం రూపు మార్చుకుని మనకు దక్కాయి. ఆ మార్పులో తీర్పులు కూడా కలిశాయి. గురువుల దగ్గర నేర్చిన యోగ సాధన ‘అంధకారం’గా, సంఘంలో చేరడం ‘వెలుగు’గా మారిపోయాయి. ఇవే కథలు తెలుగులోనే ఎవరైనా రాసి ఉంటే ఆ రెంటి మధ్య కొనసాగింపు కనిపించేదేమో. 1878లోనే రాజమహేంద్రవరంలో కందుకూరి వీరేశలింగం ‘వివేకవర్ధని’లో ‘రాజశేఖర చరిత్రము’ను ప్రకటించడం మొదలుపెట్టారు. ఆధునిక తెలుగు వచనం మధ్యతరగతి బ్రాహ్మణ గృహ జీవితాన్ని చిత్రించడం నేర్చుకుంటున్న ఏడాదే, అదే తీరానికి దక్షిణాన వేలమంది జీవితం మరో భాషలో నమోదవుతూ వచ్చింది. ఈ రెండు వచనాలూ కలుసుకోకపోవడం మన సాహిత్య చరిత్ర గమనించవలసిన అంశం.

మెదక్‌తో పోలిక

కూలి రూపంలో సహాయం చేయడం ఒంగోలుకే పరిమితం కాలేదు. నిజాం రాజ్యంలో మెదక్ వెస్లియన్ మిషన్‌కు చెందిన చార్లెస్ వాకర్ పాస్నెట్ కరువు పీడితులకు పని కల్పిస్తూ 1914 నుండి పదేళ్ల పాటు చర్చి నిర్మాణం సాగించారు. 1924 డిసెంబరు 25న ఆ కేథడ్రల్ ప్రతిష్ఠ జరిగింది. ఉచితంగా తిండి పెట్టడం కంటే పని ఇచ్చి పెట్టడమే గౌరవమన్న భావం రెండు చోట్లా ఉంది. తేడా కూడా గమనించాలి. ఒంగోలు కూలీలు తవ్వినది ప్రభుత్వ కాలువ, దాని మీద అన్ని మతాలవారి సరుకూ నడిచింది. మెదక్ కూలీలు కట్టినది ఆరాధనా మందిరం. ఒకచోట సహాయం ప్రజావసరానికి, మరోచోట సంఘపు చిహ్నానికి రూపమిచ్చింది. చర్చి సహాయాన్ని ఒకే మూసలో చూడరాదనడానికి ఈ రెండూ ఉదాహరణలు.

విశాఖ మండలం ధాత కరువుకు ప్రధాన క్షేత్రం కాదు. 1866 క్షామం పొరుగున ఉన్న గంజాంను, 1896-97 క్షామం గంజాంతో పాటు విశాఖను కూడా బాధించాయి. నాటికి అమలులోకి వచ్చిన క్షామ నిబంధనావళి ప్రభుత్వ సహాయానికి ఒక నియత రూపాన్నిచ్చింది. రిచర్డ్ స్ట్రేచీ అధ్యక్షతన ఏర్పడిన క్షామ కమిషన్ 1880లో ఇచ్చిన నివేదిక దానికి ఆధారం. ఆ నివేదికకు వెనుక ధాత కరువు అనుభవం ఉంది.

ముగింపు

ఒంగోలు మిషన్ సహాయాన్ని పరిశీలించగా కొన్ని నిర్ధారణలు చేయవచ్చు. మొదటిది, ఆ సంఘం కరువుకు ముందే బంధుత్వ మార్గంలో, పూర్వపు గురు సంప్రదాయాల నేపథ్యంలో పెరిగింది. రెండవది, కరువులో అది అందించిన సహాయంలో ప్రధానమైనది కాలువ పని. దాని ప్రత్యేకత కూలి పరిమాణంలో కంటే కొలిచేవాడు, రాసేవాడు, ఇచ్చేవాడు తమవాడు కావడంలో ఉంది. మూడవది, బాప్తిస్మాలను ఆపివేయడం మిషన్ నిజాయితీకి సాక్ష్యమే గాని, ఆకలికి, విశ్వాసానికి మధ్య సంబంధం లేదనడానికి సాక్ష్యం కాదు. నాలుగవది, ‘అన్నం కోసం’ అనే మాట ఆ ప్రజల తిండిని గాని, వారు తమ గురించి చెప్పుకున్న మాటను గాని ప్రతిబింబించదు.

2006 ఫిబ్రవరి 2న అనంతపురం జిల్లా బండ్లపల్లిలో జాతీయ గ్రామీణ ఉపాధి హామీ పథకం ప్రారంభమైంది. చట్టం దానిని హక్కు అంది. చాలా పల్లెలలో జనం మాత్రం దానిని ‘కరువు పని’ అనే పిలిచారు. వానలు బాగా కురిసిన ఏడు కూడా ఆ పేరు మారలేదు. మన్ను తవ్వి, కొలిపించుకుని, హాజరు పుస్తకంలో పేరు చూసుకుని కూలి పుచ్చుకునే పనికి తెలుగువారి నోట స్థిరపడిన పేరు అది. హాజరు పుస్తకం ఎవరి చేతిలో ఉంది, గుంత ఎవరు కొలుస్తున్నారు అనే ప్రశ్నలు ఆ పనిచోట్ల కూడా వినిపించినవే. వెల్లంపల్లి సంఖ్యల మీద సాగిన సుదీర్ఘ వివాదంలో ఈ ప్రశ్నలు మరుగునపడ్డాయి. ధాత కరువును మళ్లీ చదివేవారు గుండ్లకమ్మ రేవు నుండి కాక బకింగ్‌హాం కాలువ గట్టు నుండి మొదలుపెడితే, ఆ 2,222 మందిని సంఖ్యగా కాక కూలి చేసి బతికిన కుటుంబాలుగా చూడగలుగుతారు.